అన్నం పెట్టే ఇంటి లెక్క

మా పిన్ని కూతురు మూడేళ్ల కిందట ఇద్దరు పిల్లల్ని తీసుకుని బెల్లంకొండలో పుట్టింటికి వచ్చేసింది. మిషను కుడుతుంది. కాయ కోతలప్పుడు మిరప చేలకు పోతుంది. పెద్దదానికి నిరుడు ఇంజనీరింగులో సీటొచ్చిందంటే అందరం సంతోషపడ్డాం. ఫీజు రీయింబర్స్‌మెంటు దరఖాస్తు దగ్గరికి వచ్చేసరికి ఆ సంతోషం కాస్తా ఆగిపోయింది.

"మీ కుటుంబంలో కారుంది కదమ్మా, అర్హత లేదని చూపిస్తోంది" అన్నాడట ఆఫీసులో కుర్రాడు. ఆ కారు మా మరిదిది. అది పిల్లల్ని ఎక్కించుకుని మూడేళ్లయింది. కానీ బియ్యం కార్డులో ఇప్పటికీ నలుగురూ ఒకే కుటుంబం. విడదీయమంటే విడాకుల కాగితం తెమ్మన్నారు.

"ఏం చేయమంటావక్కా, దీని పెళ్లయ్యేదాకా కోర్టుకు పోవద్దంటున్నాడు నాన్న" అంది నాతో. మన ఇళ్లల్లో విడిపోయిన ఆడవాళ్లు చాలామంది సంగతి ఇంతే. పెద్దమనుషుల్లో మాట్లాడుకుంటారు, ఎవరి దారిన వాళ్లు బతుకుతారు, కాగితం మాత్రం ఉండదు. పోనీ ఇద్దరూ ఒప్పుకుని విడాకులు తీసుకోవాలన్నా హిందూ వివాహ చట్టం ప్రకారం ముందు ఏడాది విడిగా ఉండాలి, పిటిషన్ వేశాక మామూలుగా ఇంకో ఆరు నెలలు ఆగాలి. కాలేజీ వాళ్లు అన్నాళ్లు ఆగుతారా?

నాకు అనిపించేది ఒక్కటే. చదువుకు సాయం చేసేటప్పుడు పిల్ల ఏ ఇంట్లో అన్నం తింటోందో ఆ ఇంటి ఆదాయమే చూడాలి. పరిమితి ఏడాదికి 2.5 లక్షలంటున్నారు. మా చెల్లి సంపాదన అందులో సగం కూడా ఉండదు.

విడిపోయిన స్త్రీ ప్రభుత్వానికి కనపడదా అంటే కనపడుతుంది. ఒంటరి మహిళల పింఛను ఉన్నదే అందుకు. 2021లో ఈ ఫీజు డబ్బుల్ని తల్లుల ఖాతాల్లోనే వేశారు. గీతా హరిహరన్ కేసులో 1999లోనే సుప్రీంకోర్టు, తండ్రి పిల్లల్ని పట్టించుకోనప్పుడు తల్లి కూడా సహజ సంరక్షకురాలేనని చెప్పింది. 2016 నుంచి పాస్‌పోర్టుకు తల్లిదండ్రుల్లో ఒకరి పేరిస్తే చాలు. అమెరికాలో కాలేజీ సాయం కోసం పెట్టే దరఖాస్తులో, తల్లిదండ్రులు విడిగా ఉంటే, గడిచిన 12 నెలల్లో పిల్లల ఖర్చు ఎక్కువ భరించినవాళ్ల ఆదాయమే చూపిస్తారు.

"అలాగైతే ఫీజు కోసం అందరూ విడిపోయామంటారు" అన్నారు మా వారు. అనేవాళ్లు ఉంటారు, కాదనను. కానీ పల్లెటూళ్లో ఎవరు ఎవరితో ఉంటున్నారో దాచితే దాగేదా? ఇరుగుపొరుగును అడిగి తహసీల్దారు ధ్రువీకరిస్తే సరిపోతుంది. "తండ్రికి కారుంటే తండ్రినే కట్టమనొచ్చుగా" అన్నారు మళ్లీ. న్యాయమే. అది రాబట్టే పని చట్టానిది. అంతదాకా పిల్ల చదువు ఆగకూడదు.

నిబంధన మారేలోపు మన చేతిలో ఉన్నదీ ఉంది. విడాకులు వద్దనుకున్నా మనోవర్తి అడగొచ్చు. కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 144వ సెక్షన్. ఆ కేసులో ఉత్తర్వు వస్తే, విడిగా ఉంటున్నామని చూపడానికి అదొక కాగితం. వకీలు ఖర్చుకు భయపడక్కర్లేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఆదాయం ఎంతున్నా, ఉచిత న్యాయ సాయం ఉంది. 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. పుట్టింటికి వచ్చిన కొత్తలోనే ఈ పని మొదలుపెట్టాలి. పరువనుకుంటూ కూర్చుంటే ఆ పరువు ఖరీదు పిల్ల చదువులోంచే పోతుంది.

మొదటి ఏడాది ఫీజుకు చెల్లి గాజులు తాకట్టులోకి వెళ్లాయి. పిల్ల కాలేజీకి పోతోంది. పోయిన వారం చెల్లి నా దగ్గరికొచ్చి, "నాన్నకు నువ్వు చెప్పక్కా, మనోవర్తి కేసు వేస్తాను" అంది. రేపు వెళ్లి బాబాయితో మాట్లాడాలి.