చౌకబండి కదలదెందుకు?

ధర తగ్గిస్తే పేదవాడు ఎగబడి కొంటాడని వ్యాపారులలో ఒక నమ్మకం ఉన్నది. ఉప్పు పప్పుల విషయంలో అది నిజం కావచ్చు. మోటారు సైకిలు దగ్గరకు వచ్చేసరికి మాత్రం పలుమార్లు తలక్రిందులైంది.

సూరత్ నగరాన్నే తీసుకోండి. తపతీ తీరాన ఉన్న ఈ ఊరు పవర్‌లూములకు, వజ్రాల సానకు పేరుమోసింది. తెలంగాణ జిల్లాల నుండి వలస వెళ్ళిన నేత కుటుంబాలు ఎన్నో లింబాయత్ పరిసరాలలో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడ పాఠశాలలు నడుపుతున్నది. పన్నెండు గంటల షిఫ్టు ముగించి ఇల్లు చేరవలసిన కార్మికునికి బండి విలాసం కాదు, పనిముట్టు. నేల చదునైనది కనుక నూరు సీసీల ఇంజను చాలు. అన్నిటికంటె చౌకబండిని తయారుచేసేవారు ఊహించుకొనే కొనుగోలుదారు అచ్చంగా ఇతడే. అయినా ఇతడు ఆ బండి ధర విని, ప్రక్కనే ఉన్న మరికాస్త ప్రియమైన బండి వైపు నడుస్తాడు. ఎందువలన?

మొదటిది లెక్క. రెండు బండ్ల ధరలో తేడా 8,000 రూపాయలనుకుందాం. మూడేళ్ళ వాయిదాలలో, వడ్డీ కాక, నెలకు 222 రూపాయలు. రోజుకు ఏడున్నర రూపాయలకు లోపే. ఆ మాత్రం మిగుల్చుకోవడానికి ఏళ్ళ తరబడి కిక్కు కొట్టడం ఎవరికి ఇష్టం? పైగా 2018 నుండి కొత్త బండికి ఐదేళ్ళ థర్డ్ పార్టీ బీమా, 2020 నుండి బీఎస్-6 ప్రమాణాలు తప్పనిసరి అయ్యాయి. ఈ ఖర్చులు చౌకబండినీ వదలవు. తయారీదారు ఎంత కోత కోసినా మిగిలే తేడా స్వల్పమే.

రెండవది మారుబేరం. శ్రామికుని ఇంట బండి కూడ ఒక విధమైన నిలవ సొమ్ము. పెళ్ళికో, జబ్బుకో అది అక్కరకు రావాలి. గుజరాత్‌లో రిజిస్టరైన బండిని స్వగ్రామానికి శాశ్వతంగా తీసుకుపోవాలంటే నిరభ్యంతర పత్రం, మళ్ళీ రిజిస్ట్రేషను, పన్ను తప్పవు. కనుక తిరిగి వెళ్ళేవాడు బండిని అక్కడే అమ్మడం సుఖం. అప్పుడు నలుగురెరిగిన పేరుకే బేరం త్వరగా కుదురుతుంది.

మూడవది మెకానిక్కు. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, 1994లో వచ్చిన స్ప్లెండర్ ఒకే వంశపు ఇంజనుతో నడిచాయి. వాటి మరమ్మతు వీధివీధికీ తెలుసు; విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. 2006లో సుజుకి జ్యూస్, 2012లో హయాతే, 2013లో హోండా డ్రీమ్ నియో వచ్చాయి. పెద్ద కంపెనీల బండ్లే అయినా వేళ్ళూనలేకపోయాయి. మగ్గం ఆగితే కూలి ఆగుతుంది; బండి ఆగితే మగ్గం దగ్గరకు చేరడమే ఆగుతుంది. హోండా 2023లో మళ్ళీ నూరు సీసీల బండి తెచ్చినప్పుడు, దానికి జనం ఎరిగిన షైన్ పేరే పెట్టడం గమనార్హం.

నాలుగవది పరువు. అదే గుజరాత్‌లోని సాణంద్‌లో తయారైన టాటా నానో కారు ‘అతి చౌక’ అనే ముద్ర మోసి, చివరకు 2018లో ఆగిపోయింది. తన పేదరికాన్ని వీధిలో చాటే వస్తువును కష్టార్జితంతో కొనడానికి ఎవరికీ మనసొప్పదు.

అయితే చౌకదనమే దోషమా? కాదు. 1980లో వచ్చిన టీవీఎస్ 50 మోపెడ్ వంశం నేటికీ పల్లెల్లో పాలక్యాన్లు, కూరగాయల మూటలు మోస్తున్నది. దానిని చూసి ఎవరూ చిన్నచూపు చూడరు. అది మోటారు సైకిలు నుండి కొంత కోసివేయగా మిగిలినది కాదు. వేరొక పనికై పుట్టిన బండి.

ధనికుడు కొన్న వస్తువు నచ్చకపోతే మరొకటి కొనుక్కోగలడు. పేదవానికి రెండవ అవకాశం లేదు. అందుకే అతడు అందరికంటె జాగ్రత్తగా కొంటాడు. అతడు వెదికేది తక్కువ ధర కాదు, తక్కువ నష్టం.