యంత్రం పాడే జోల

పసిబిడ్డను పగటిపూట నిద్రపుచ్చటానికి నేడు అనేక గృహాలలో వినవస్తున్నది అమ్మ గొంతు కాదు, చేతిఫోను గొంతు. ఉయ్యాల పక్కన దానిని ఉంచితే జోలపాట ఎంతసేపైనా ఆగకుండా సాగుతుంది. బిడ్డ నిద్రపోతుంది; తల్లికి ఇంటిపని తెములుతుంది. ఇందులో దోషమేమున్నదని అడిగేవారున్నారు. తోసిపుచ్చదగిన ప్రశ్న కాదది.

యంత్రం పక్షాన చెప్పదగిన మాట ఒకటున్నది. 2020లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 144 మంది అమెరికన్ శిశువులకు పరదేశాల పాటల ధ్వనిముద్రణలు వినిపించారు. ఆ భాషలు వారికి తెలియవు, ఆ గొంతులు తెలియవు. అయినా ఇతర పాటలు విన్నప్పటికంటె జోలపాటలు విన్నప్పుడు వారి గుండె వేగం నెమ్మదించింది. జోలలోని శాంతి మాటల అర్థం మీద ఆధారపడినది కాదన్నమాట.

అయితే అమ్మ గొంతుకు మరొక బలమున్నది. గర్భస్థ శిశువుకు ఆరేడు మాసాలకే వినికిడి ఏర్పడుతుంది. పుట్టి మూడు రోజులైనా దాటని శిశువులు పరాయి స్త్రీ గొంతుకంటె కన్నతల్లి గొంతునే కోరుకుంటారని 1980లో ప్రకటితమైన పరిశోధన తేల్చింది. నెలలు నిండకుండా పుట్టిన 272 మంది శిశువులను గురించిన పరిశీలన ఒకటి 2013లో వెలువడింది. తల్లిదండ్రులు ఎంచుకున్న పాటలను జోలలుగా మలచి ఎదుట పాడగా, శిశువుల గుండె వేగం నెమ్మదించటమే కాక తల్లిదండ్రుల ఆందోళన సైతం తగ్గిందట. జోల పాడిన వారికీ స్వస్థత చేకూరుస్తుందన్నమాట.

అసలు భేదం ఇక్కడే ఉన్నది. జోల పాడే మనిషి పాడటమే కాదు, వింటుంది కూడా. బిడ్డ ఊపిరి వింటుంది. రెప్పలు వాలటం చూస్తుంది. ఏడుపు హెచ్చినప్పుడు గొంతు కొంచెం పెంచి, ఏడుపు తగ్గేకొద్దీ తానూ తగ్గి, పాటను కూనిరాగంగా, కూనిరాగాన్ని మౌనంగా మారుస్తుంది. ఎప్పుడు ఆపాలో తెలియటమే జోలపాటలోని విద్య. యంత్రానికి పాడటం తెలుసు, ఆపటం తెలియదు. పైగా దాని ధ్వనికి హద్దుండాలి. శిశువుల నిద్రకై అమ్మే 14 ధ్వనియంత్రాలను పరీక్షించిన కెనడా వైద్యులు, పూర్తి స్థాయిలో మోగించినప్పుడు అవన్నీ ఆసుపత్రులలోని శిశుశాలలకు నిర్ణయించిన 50 డెసిబెల్స్ పరిమితిని మించాయని 2014లో ప్రకటించారు.

తెలుగువారికి ఈ విద్య కొత్తది కాదు. దూలానికి పాతచీర కట్టినా, పొలంగట్టున చెట్టుకొమ్మకు కట్టినా, ఉయ్యాల ఊపే తాళమయింది. తిరుమలలో ఏకాంతసేవవేళ స్వామికి తాళ్ళపాకవారి లాలి వినిపిస్తారు. త్యాగరాజస్వామి (1767–1847) ఉత్సవసంప్రదాయ కీర్తనలలో లాలికి స్థానమిచ్చాడు. లోకాన్నేలే దేవుణ్ణి నిద్రపుచ్చటానికి సైతం మహావాగ్గేయకారులు తల్లుల పాటనే అరువు తెచ్చుకున్నారు. 1958లో బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ వెలువడింది. నాటినుంచి పల్లెపాటకు విశ్వవిద్యాలయాలలో గౌరవం పెరిగింది. ఇంటిలో మాత్రం దాని చోటు తరిగిపోతున్నది.

ఇందుకు అలసిన తల్లిని నిందించటం అన్యాయం. పొద్దంతా కొలువు చేసి వచ్చి, ఇంటి చాకిరీ కూడ మోసే స్త్రీ ఫోనును ఆశ్రయిస్తే ఆ నేరం ఆమెది కాదు. జోలపాట ఆడవారి పనియని తీర్మానించి పక్కగదిలో కూర్చున్న తండ్రిది. ఉన్న ఊరు విడిచి వచ్చినప్పుడు అమ్మమ్మల పాటలను అక్కడే వదలివచ్చిన కుటుంబానిది. తనకు గొంతు లేదని తప్పుకునేవారు ఒకటి గమనించాలి. ఉయ్యాలలోని శ్రోత శ్రుతిని పరీక్షించడు; తన మనిషి దగ్గరున్నాడా లేడా అన్నదే అతనికి కావలసినది.

ఉపాధ్యాయులు ఈ విషయంలో చేయగలిగినది చాలా ఉన్నది. సెలవులలో ప్రతి విద్యార్థీ తన ఇంటిలోనో ఇరుగుపొరుగునో పెద్దవారినడిగి ఒక్క జోలపాట వ్రాసుకొని రావాలని నియమించవచ్చు. వ్రాసుకున్నది పుస్తకంలో దాగితే చాలదు. బాలురూ బాలికలూ దానిని పాడటం నేర్వాలి. రేపు వారి ఇండ్లలో ఉయ్యాల ఊగేనాడు, విద్యుచ్ఛక్తి పోయినా ఆగని పాట ఒకటి వారివద్ద ఉండాలి.