గోడెక్కిన అనార్కలి

ముంబయి వెళ్ళినవాళ్ళంతా హీరోల బంగళాలు చూసొస్తారు. నేను మాత్రం బాంద్రాలో చాపెల్ రోడ్డు పట్టుకున్నాను. పాత క్రైస్తవ కుటుంబాల ఇళ్ళున్న ఇరుకు వీధి. చర్చి, మసీదు, గుడి... బాంద్రాలో అన్నీ ఉన్నాయి.

ఆ వీధి గోడ మీదే 2012లో రంజిత్ దహియా 'అనార్కలి' పోస్టరు గీశాడు. 1953 నాటి హిందీ చిత్రం. బీనా రాయ్, ప్రదీప్ కుమార్! (మన అంజలీదేవి, అక్కినేనిల 'అనార్కలి' 1955లో వచ్చింది లెండి.) హర్యానా నుంచి వచ్చిన ఈ దహియా ఒకప్పుడు గోడలకు సున్నం కొట్టినవాడే. 2014లో తోటి చిత్రకారులతో కలిసి ఏకంగా టెలిఫోన్ భవనం మీదికే ఫాల్కేగారిని ఎక్కించాడు!

ఓ సినిమా బొమ్మ ముందు అరగంట నిలబడ్డాను. ఆటో డ్రైవరు ఆగాడు. కూరల సంచీతో ఓ పెద్దావిడ ఆగింది. కాలేజీ కుర్రాళ్ళు ఆగారు. ఎవరి భాష వారిదే. అయినా 'నేను ఫలానా హాల్లో చూశా'నంటూ కబుర్లు మొదలు!

నాకు మా ఊరి బ్యానర్ల పెయింటరు గుర్తొచ్చాడు. ఆయన హీరోగారి మీసం దిద్దుతుంటే అన్ని పేటలవాళ్ళూ అక్కడే ఉండేవాళ్ళం. ఏ పేటవాడివని ఎవరూ అడిగేవారు కాదు. ఫ్లెక్సీ వచ్చింది, ఆయన కుంచె కింద పెట్టాడు. బొమ్మ రాత్రికి రాత్రే వచ్చేస్తోంది. చూడ్డానికి చేరే జనమే లేరు!

మీ ఊళ్ళో అలాంటి పెయింటరు ఇంకా ఉన్నాడా? ఆయనకో గోడ చూపించండి. మిగతాది ఆ గోడే చూసుకుంటుంది.