సాంచాల నగరానికి డెర్బీ ఎందుకు లేదు?

సూరత్‌లోని లింబాయత్‌లో తెలుగు వినాలంటే చెవి ఒగ్గాల్సిన పనిలేదు. రైలు పట్టాలకు తూర్పున ఇరుకు సందుల్లోకి అడుగుపెడితే నల్లగొండ, వరంగల్, కరీంనగర్ యాసలు వాటంతట అవే వినిపిస్తాయి. దసరా ముందు ఇక్కడ బతుకమ్మ ఆడతారు. సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ నడిపే బడుల్లో తెలుగు మాధ్యమం బడులు కూడా ఉన్నాయి. తెలంగాణలో చేమగ్గం చతికిలబడ్డాక బతుకుదెరువు కోసం వచ్చిన పద్మశాలీ కుటుంబాలు తరాలుగా ఇక్కడే స్థిరపడ్డాయి. సిరిసిల్లలోలాగే ఇక్కడా మరమగ్గాన్ని సాంచా అంటారు.

ఆమధ్య అక్కడికి వెళ్ళినప్పుడు, ఓ టీకొట్టు దగ్గర కూర్చుని ఫోన్‌లో కోల్‌కతా డెర్బీ వివరాలు చూసుకుంటున్నాను. పక్కనున్న పెద్దాయన తొంగిచూసి, ఎవరెవరు ఆడుతున్నారని అడిగాడు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ అన్నాను. అయితే ఇందులో మనవాళ్ళ జట్టేది అన్నాడు.

ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పలేకపోయాను. ఆలోచించే కొద్దీ దాని వెనక ఇంకో ప్రశ్న ఉన్నట్టనిపించింది. 2011 జనాభా లెక్కల్లోనే 44 లక్షలు దాటిన నగరం సూరత్. ఒడిశాలోని గంజాం, మహారాష్ట్రలోని ఖాందేశ్, ఉత్తరప్రదేశ్, బిహార్, తెలంగాణ, సౌరాష్ట్ర, ఇలా అన్ని దిక్కుల నుంచీ జనం వచ్చి పడిన ఊరు. పేటకో భాష, భాషకో పని. ప్రపంచంలో పేరుమోసిన డెర్బీలలో చాలావరకు సరిగ్గా ఇలాంటి ఊళ్ళలోనే పుట్టాయి. మరి సూరత్‌లో ఎందుకు పుట్టలేదు?

గుజరాతీలకు క్రికెట్ పిచ్చి అనేది వెంటనే తోచే జవాబు. అందులో కొంత నిజముంది కానీ, ఈ ఊళ్ళో సాంచా నడిపేవాళ్ళలో అత్యధికులు గుజరాతీలు కారు. కాబట్టి జవాబు ఇంకెక్కడో వెతకాలి.

శనివారం మధ్యాహ్నం రెండింటికి

ఇంగ్లండ్‌లోని లాంకషైర్ ఒకప్పటి ప్రపంచ సూరత్. అక్కడి బ్లాక్‌బర్న్, బర్న్‌లీ పట్టణాల మధ్య దూరం 20 కిలోమీటర్లు కూడా ఉండదు. రెండూ నేత పట్టణాలే. రెండు జట్ల అభిమానుల మధ్య పగ ఎంతటిదంటే, కొన్నేళ్ళపాటు అవతలి ఊరికి వెళ్ళే అభిమానులను పోలీసు బందోబస్తుతో నిర్ణీత బస్సుల్లో మాత్రమే మ్యాచ్‌కు తీసుకెళ్ళి మళ్ళీ తీసుకొచ్చేవారు. సొంత కారులో వెళ్తామంటే టికెట్టు లేదు. నేతపనితో పుట్టిన ఈ పోటీని పత్రికలు కాటన్ మిల్స్ డెర్బీ అని కూడా రాస్తుంటాయి.

దీని వేర్లు మైదానంలో కన్నా చట్టంలో ఎక్కువ కనిపిస్తాయి. 1850లో బ్రిటన్ తెచ్చిన ఫ్యాక్టరీ చట్టం, శనివారం మధ్యాహ్నం రెండు దాటాక బట్టల మిల్లుల్లో ఆడవాళ్ళతో, పిల్లలతో పని చేయించకూడదంది. వాళ్ళు లేకపోతే మిల్లు నడవదు కాబట్టి మగవాళ్ళకూ ఆ పూట ఖాళీ దొరికింది. వారానికి ఒక్క పూట. ఊరంతటికీ ఒకేసారి. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్‌లు ఇప్పటికీ శనివారం మధ్యాహ్నం మూడింటికి మొదలవడం వెనక ఈ కథే ఉంది. 1883లో ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో బ్లాక్‌బర్న్ ఒలింపిక్ జట్టు ఓల్డ్ ఈటోనియన్స్‌ను 2-1తో ఓడించింది. ఓడినవాళ్ళు దొరబిడ్డలు చదివే ఈటన్ స్కూలు పూర్వ విద్యార్థులు. గెలిచిన జట్టులో నేత కార్మికులు, ఓ ప్లంబరు ఉన్నారు. అయిదేళ్ళ తర్వాత 12 జట్లతో ఫుట్‌బాల్ లీగ్ మొదలైనప్పుడు అందులో సగం లాంకషైర్‌వే.

ఆ శనివారం పూట ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. పనిగంటల మీద కార్మికులు ఏళ్ళ తరబడి చేసిన పోరాటాల మీదుగా వచ్చింది.

సూరత్ సంగతి చూద్దాం. సాంచా షిఫ్టు 12 గంటలు. మామూలుగా పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు, లేదా రాత్రి ఏడు నుంచి పొద్దున ఏడు. చాలాచోట్ల కూలి మీటర్ల లెక్కన. ఎన్ని మీటర్లు నేస్తే అంత. సెలవు పెడితే ఆ రోజు కూలి పోయినట్టే. గంజాం నుంచి ఒంటరిగా వచ్చిన కార్మికులు మెస్సు గదుల్లో ఉంటారు. పగటి షిఫ్టువాడు లేచి వెళ్ళాక ఆ చాపమీదే రాత్రి షిఫ్టువాడు పడుకుంటాడు. ఒకే గదిలో ఉండే ఇద్దరు మనుషులు ఒకేసారి మేలుకుని ఉండటమే అరుదైన చోట పదకొండుమందిని కూడగట్టేదెవరు?

పాత బొంబాయి మిల్లుల పద్ధతి వేరు. అక్కడ గేటు, హాజరు పట్టీ, యూనియను ఉండేవి. మఫత్‌లాల్, ఆర్కే మిల్స్‌లాంటి సంస్థలకు సొంత ఫుట్‌బాల్ జట్లు కూడా ఉండేవి. 1982 సమ్మె తర్వాత ఆ మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. వాటి చోటు తీసుకున్న సూరత్, భివండీ సాంచాఖానాలు చిన్నవి. ఒకే యజమాని సాంచాలు కూడా కాగితాల మీద రెండుమూడు యూనిట్లుగా విడిపోయి ఉంటాయి, ఫ్యాక్టరీ చట్టం తగలకుండా. రిజిస్టరులో పేరు లేని కార్మికుడికి జెర్సీ ఎవరు కుట్టిస్తారు?

తగవుకు ఓ మైదానం

వలస ఊళ్ళలో తగవులు కొత్త కాదు. కొన్ని ఊళ్ళలో వాటికి ఫుట్‌బాల్ రూపంలో ఓ చోటు దొరికింది.

గ్లాస్గోలో ఐరిష్ కేథలిక్ వలసకూలీల పిల్లలకు అన్నం పెట్టడానికి నిధుల కోసం బ్రదర్ వాల్‌ఫ్రిడ్ అనే క్రైస్తవ సన్యాసి 1887లో సెల్టిక్ క్లబ్‌ను పెట్టాడు. అప్పటికే ఉన్న రేంజర్స్ క్రమంగా ప్రొటెస్టెంట్ల జట్టుగా స్థిరపడింది. ఆ గీత ఎంత గట్టిదంటే, రేంజర్స్ దశాబ్దాల పాటు తెలిసి తెలిసి పేరున్న కేథలిక్ ఆటగాణ్ణి తీసుకోలేదు. 1989లో మో జాన్‌స్టన్‌ను తీసుకున్నప్పుడు కొందరు సొంత అభిమానులే తమ మెడలోని స్కార్ఫులు తగలబెట్టారు. బ్యూనస్ ఎయిర్స్‌లో బోకా జూనియర్స్, రివర్ ప్లేట్ రెండూ ఇటలీ వలసవాళ్ళు నిండిన లా బోకా రేవుపేటలోనే పుట్టాయి. తర్వాత రివర్ సంపన్నుల పేటల వైపు వెళ్ళిపోయింది, బోకా అక్కడే ఉండిపోయింది. తగవుకు ఆ మాత్రం చాలు. 2018లో వీటి మధ్య దక్షిణ అమెరికా క్లబ్బుల ఫైనల్ రెండో మ్యాచ్ ఉన్న రోజున బోకా ఆటగాళ్ళ బస్సు మీద రాళ్ళు పడ్డాయి. ఆ మ్యాచ్‌ను చివరికి సముద్రం దాటించి మాడ్రిడ్‌లో ఆడించాల్సి వచ్చింది.

మనకు దగ్గరిది కోల్‌కతా. మోహన్ బగాన్ పుట్టింది 1889లో. ఈస్ట్ బెంగాల్ 1920లో. తూర్పు బెంగాల్ ఆటగాణ్ణి జట్టులోంచి పక్కన పెట్టారన్న కోపంతో పెట్టిన క్లబ్ ఇది. దేశవిభజన తర్వాత లక్షలమంది కాందిశీకులు కోల్‌కతా శివారు కాలనీల్లో తలదాచుకున్నప్పుడు వాళ్ళకు దొరికిన కొద్దిపాటి సొంత ఆస్తుల్లో ఈ జట్టు ఒకటి. స్థానికులు ఘోటీలు, వచ్చినవాళ్ళు బంగాళ్‌లు. వాళ్ళ యాసను వీళ్ళు, వీళ్ళ వంటను వాళ్ళు వెక్కిరించుకోవడం మైదానంలోకొచ్చి చేరింది. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే పులసకు చుట్టమైన ఇలిష్ చేప, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్య. 1997లో ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కు సాల్ట్ లేక్ స్టేడియంలో లక్షా 30 వేలమంది చేరారు.

దీన్ని వట్టి వేడుకలా చెప్పుకోవడం తప్పు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు జట్ల మ్యాచ్‌లో గొడవ చెలరేగి, తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. చోటు దొరికినంత మాత్రాన తగవు మెత్తబడుతుందన్న హామీ ఏమీ లేదు.

అయితే అదే ఊళ్ళో 2024 ఆగస్టు 18న జరిగింది కూడా చెప్పుకోవాలి. ఆర్.జి. కర్ ఆసుపత్రిలో వైద్యురాలి హత్యాచారం మీద నగరం అట్టుడుకుతున్న రోజులవి. భద్రత ఇవ్వలేమంటూ ఆనాటి డ్యూరాండ్ కప్ డెర్బీని రద్దు చేశారు. అయినా రెండు జట్ల అభిమానులు స్టేడియం బయటికి వచ్చారు, మహమ్మడన్ స్పోర్టింగ్ అభిమానులూ కలిశారు. ఎర్ర-పసుపు, ఆకుపచ్చ-మెరూన్ జెండాలు పక్కపక్కన నిలబెట్టి న్యాయం కావాలని నినదించారు. పోలీసులు లాఠీలు ఎత్తారు. వందేళ్ళుగా ఎదురెదురుగా నిలబడినవాళ్ళు కాబట్టే ఒక్క పూటలో పక్కపక్కన నిలబడగలిగారని నాకనిపిస్తుంది. ఎదుటివాడి ముఖం, పాట, జెండా వాళ్ళకు ముందే తెలుసు.

సూరత్‌లో లేనిది ఇదే. ఇక్కడ ఆట ఉంది. టెన్నిస్ బంతితో రాత్రిపూట క్రికెట్ టోర్నీలు జరుగుతాయి. హర్మీత్ దేశాయ్, మానవ్ ఠక్కర్‌లాంటి టేబుల్ టెన్నిస్ ఆటగాళ్ళను ఇచ్చిన ఊరిది. కానీ సమాజ్‌ల పేరిట జరిగే టోర్నీల్లో సాధారణంగా ఏ సమాజ్ తనలో తానే ఆడుకుంటుంది. కులం, జిల్లా, తాలూకా దాకా గిరి గీసుకుని. లింబాయత్ తెలుగు కుర్రాడికి, పాండేసరాలోని ఒడియా కుర్రాడికి ఓడించుకోవడానికైనా ఒకరికొకరు ఎదురుపడే వేదిక లేదు. పేచీలు లేవని కాదు. అద్దె ఇళ్ళ దగ్గర, పని దగ్గర అవి ఉన్నాయి. 2020లో లాక్‌డౌన్ వేళ ఇళ్ళకు పంపమంటూ లస్కాణాలో, పాండేసరాలో కార్మికులు రోడ్డెక్కినప్పుడు, వాళ్ళెవరో, ఇన్నాళ్ళూ ఎక్కడున్నారో మిగతా నగరానికి మొదటిసారి తెలిసినట్టయింది.

ఇందులో మనవాళ్ళెవరు?

టీకొట్టు పెద్దాయన ప్రశ్నకొస్తాను. కోల్‌కతా డెర్బీలో మనవాళ్ళు చాలామందే ఉన్నారు.

రహీం సాబ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. అదే రహీం భారత జట్టుకు 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణాలు తెచ్చిపెట్టారు. ఆయన చేతికింద తయారైన నగరం తన ఆటగాళ్ళను కోల్‌కతాకు పంపుతూ వచ్చింది. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కు కెప్టెన్ అయ్యాడు. మహమ్మద్ హబీబ్ ఈస్ట్ బెంగాల్‌కూ మోహన్ బగాన్‌కూ ఆడి రెండు వైపులా పెద్దన్న అనిపించుకున్నాడు. 1977లో పెలే కాస్మోస్ జట్టుతో ఈడెన్‌కు వచ్చినప్పుడు 2-2తో ముగిసిన మ్యాచ్‌లో మోహన్ బగాన్ తరఫున ఒక గోల్ హబీబ్‌దే. ఆయన తమ్ముడు అక్బర్ 1976 డెర్బీలో 17 సెకన్లకే గోల్ కొట్టాడు.

అంటే పరాయి ఊరి తగవులో మనవాళ్ళు కూలికి ఆడారు. తెలంగాణ నేతగాడు సూరత్ వెళ్ళి చీరగుడ్డ నేసినట్టే. పోల్చకూడదేమో కానీ దారి ఒకటే: ఇక్కడ పనితనం ఉంది, పని లేదు. హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో చనిపోతే కోల్‌కతా మనదానికన్నా ఎక్కువ దుఃఖపడింది.

హైదరాబాద్‌కు సొంత జట్టు వచ్చిందనుకున్నాం ఒకప్పుడు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ గెలిచింది. కానీ ఆ జట్టు 2019లో పుణె నుంచి వచ్చింది. 2025లో యజమానులు దాన్ని ఢిల్లీకి తరలించి పేరు కూడా మార్చేశారు. పుణె, హైదరాబాద్, ఢిల్లీ: ఇదేదో బ్యాంకు ఉద్యోగి బదిలీలా ఉంది. ఈస్ట్ బెంగాల్‌ను ఇలా ఎవరూ కదిలించలేరు. మోహన్ బగాన్ పేరుకు ముందు ఏటీకే అని తగిలించినందుకే అభిమానులు మూడేళ్ళు పోరాడి 2023లో తీయించారు. 2024లో మొదలైన గుజరాత్ సూపర్ లీగ్‌లో సూరత్ స్ట్రైకర్స్ అనే జట్టుంది. తొలి ఏడాది మ్యాచ్‌లు మాత్రం అహ్మదాబాద్‌లో జరిగాయి. పెట్టుబడి ఉంటే జట్టును వేలంలో కొనుక్కోవచ్చు. దానికి ఎదురు జట్టుమీద పళ్ళు నూరే జనం ఎక్కణ్ణుంచి వస్తారు?

12 గంటల లెక్క

ఈ కబుర్లన్నీ ఇప్పుడెందుకంటే, గుజరాత్ ప్రభుత్వం 2025 జులైలో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరిస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. సెప్టెంబరులో అసెంబ్లీ దాన్ని బిల్లుగా ఆమోదించింది. రోజుకు పనిగంటలను 12 దాకా పెంచుకోవచ్చు. వారానికి 48 గంటల పరిమితి మాత్రం అలాగే ఉంటుంది. కార్మికుడి రాతపూర్వక అంగీకారం ఉండాలి. ఆడవాళ్ళను షరతులతో రాత్రి షిఫ్టుల్లోకి తీసుకోవచ్చు.

న్యాయంగా చూస్తే ఈ లెక్కలో తప్పు పట్టడం కష్టం. రోజుకు 12 గంటల చొప్పున నాలుగు రోజుల్లో 48 పూర్తవుతాయి. మిగతా మూడు రోజులు ఖాళీ. లాంకషైర్ నేతగాడికి దొరికింది అరపూట, సూరత్ కార్మికుడికి మూడు రోజులు. అలా అమలైతే ఈ వ్యాసం వెనక్కి తీసుకుంటాను.

కానీ సాంచాఖానాల్లో 12 గంటల షిఫ్టు ఎప్పట్నుంచో ఉంది, అదీ నాలుగు రోజులతో ఆగేది కాదు. మీటర్ల లెక్కన కూలి తీసుకునేవాడికి 48 గంటల తర్వాత ఇంటికెళ్ళు అని చెప్తే, మిగతా రోజుల కూలి ఎవరిస్తారన్నది మొదటి ప్రశ్న. రాతపూర్వక అంగీకారం అడగాలన్నా ముందు అతను ఆ యూనిట్లో పనిచేస్తున్నట్టు కాగితం ఉండాలి. చట్టం పరిధిలోకే రాని చోట, చట్టంలోని 12 మాత్రం పాటించి 48ని వదిలేస్తే అడిగేదెవరు? ఆ 12కి ఇప్పుడు శాసనం మద్దతు కూడా దొరికింది.

వరంగల్ దగ్గర 2017లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేసినప్పుడు, సూరత్, భివండీ వెళ్ళిన మన నేతన్నలను వెనక్కి తీసుకొస్తామన్నారు. లింబాయత్‌లో ఆ మాట గుర్తున్నవాళ్ళున్నారు. వస్తే ఎన్ని గంటల షిఫ్టుకు రావాలో అప్పుడెవరూ చెప్పలేదు, ఇప్పటికీ వాళ్ళు ముందు అడిగేది కూలిరేటు, తర్వాత పనిగంటలు.

ఆ సాయంత్రం టీకొట్టులో పెద్దాయనకు హబీబ్ గురించి చెప్పాను. పేరు విన్నట్టే ఉందన్నాడు. ఇంకేదో అడగబోయి గడియారం చూసుకున్నాడు. ఏడు కావస్తోంది, కొడుకుది రాత్రి షిఫ్టు. టిఫిను డబ్బా అందించాలని లేచాడు. మ్యాచ్ ఏడున్నరకు.