బొగ్గుకున్న కాగితం ఈ ప్రాణికేదీ?

నేను విశాఖ ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్స్ విభాగం మనిషిని. ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో వచ్చే కోకింగ్ బొగ్గు వెంట పరీక్ష కాగితం వస్తుంది. తేమ ఎంత, బూడిద ఎంత, గంధకం ఎంత, అన్నీ అందులో ఉంటాయి. అవి తెలియకుండా బొగ్గును ఓవెన్‌లోకి పంపరు. అదే దేశంలోనూ, దాని పొరుగున ఉన్న న్యూగినీలోనూ అడవుల్లో బతికే జంతువు షుగర్ గ్లైడర్. మన ఊళ్లో పిల్లలు ఇప్పుడు దాన్ని అట్టపెట్టెలో పెట్టించుకుని ఇంటికి తెచ్చుకుంటున్నారు. దాని వెంట మాత్రం ఏ కాగితమూ రావడం లేదు. నా ఫిర్యాదంతా ఇదే.

ఉక్కునగరం క్వార్టర్‌లో నా దగ్గర ఒక జత ఉంది. బి షిఫ్ట్ దిగి నేను ఇల్లు చేరేసరికి రాత్రి పదిన్నర దాటుతుంది. వాటికి అప్పుడే తెల్లవారుతుంది. 100 నుంచి 150 గ్రాముల బరువు, బూడిద రంగు ఒళ్లు, నుదుటి నుంచి వీపు మీదుగా నల్లచార. ముందుకాలి నుంచి వెనకకాలి దాకా చర్మం పొరలా సాగుతుంది. ఆ పొర విప్పి అడవిలో 50 మీటర్ల దాకా గాలిలో తేలిపోగలదు. చూపుకు మన తూర్పు కనుమల ఎగిరే ఉడుతలా ఉంటుంది గానీ, ఉడుతతో దీనికి చుట్టరికం లేదు. ఇది కంగారూలాగా సంచి జంతువు. గర్భంలో 16 రోజులే ఉండి పుడుతుంది. ఆ తర్వాత రెండు నెలలకు పైగా తల్లి పొట్టసంచిలోనే పెరుగుతుంది. పెంపకందార్లు ఆ పిల్లను జోయీ అంటారు.

కొత్తగా తెచ్చినవాళ్లు నన్ను మొదట అడిగేది దాని అరుపు గురించే. చెయ్యి పెడితే చాలు, సెల్ఫ్ పట్టని ఆటో లాగా గరగరమంటుంది. దాన్ని క్రాబింగ్ అంటారు. అది కోపం కాదు, భయం. అప్పుడు చెయ్యి వెనక్కి తీసుకోవాలి. మనం ఒంటి మీద వేసుకున్న బట్టతో కుట్టిన సంచిలో పగలు పడుకోబెడితే మన వాసనకు అలవాటు పడుతుంది. రాత్రి కుక్కపిల్లలా మొరిగితే, తోడున్న వాటిని పిలుస్తూ ఉండొచ్చు.

అసలు కష్టం ఆ తోడు దగ్గరే ఉంది. అడవిలో ఇవి గుంపుగా ఒకే తొర్రలో పడుకుంటాయి. మగదాని నుదుటి మీద బట్టతలలా కనిపించే మచ్చ చర్మరోగం కాదు, వాసన గ్రంథి. ఆ వాసనను గుంపంతటికీ పూస్తుంది. అలాంటి జీవిని ఒంటరిగా పంజరంలో వేస్తే వెంట్రుకలు పీక్కుంటుంది, తోక కొరుక్కుంటుంది. కొన్ని తమ ఒంటిని తామే గాయపరచుకుంటాయి. ‘ఒక్కటే ఉంటే మీకు బాగా మచ్చికవుతుంది’ అని అమ్మేవాళ్లు చెప్పే మాట అబద్ధం. జతగా ఉన్నవీ మచ్చికవుతాయి. నావి అయ్యాయి.

మా సెక్టారులో ఇంటర్ చదివే అబ్బాయి కిందటి వేసవిలో తన గ్లైడర్‌ను తువ్వాలులో చుట్టి తెచ్చాడు. ‘మామయ్యా, పైనుంచి పడ్డట్టుంది, కాలు బెణికింది’ అన్నాడు. గచ్చు మీద దింపితే ముందుకాళ్లతో పాకుతూ వెనక భాగాన్ని ఈడుస్తోంది. ఆరోగ్యంగా ఉన్నదైతే వెనక పాదానికి మన చిటికెనవేలు తాకించగానే గట్టిగా పట్టేసుకుంటుంది. దీని పాదం నా వేలి మీద వాలిపోయి ఉంది. ఏం పెడుతున్నావురా అని అడిగాను. అరటిపండు, పాలల్లో నానబెట్టిన బిస్కెట్టు, పొద్దుతిరుగుడు గింజలు. దుకాణంలో అవే పెట్టమన్నారట.

అది బెణుకు కాదు. తిండిలో కాల్షియం తగ్గి ఫాస్ఫరస్ పెరిగితే, శరీరం తన ఎముకల్లోని కాల్షియాన్నే తోడుకుంటుంది. ఎముకలు గుల్లబారతాయి, వెనక కాళ్లు చచ్చుబడతాయి. వైద్యులు దీన్ని మెటబాలిక్ బోన్ డిసీజ్ అంటారు. తొలి దశలో పట్టుకుంటే కాల్షియం, విటమిన్ డి, సరైన తిండి, చిన్న పంజరంలో విశ్రాంతితో చాలా వరకు కోలుకుంటుంది. అడవిలో దీని ఆహారం తుమ్మజాతి చెట్ల బంక, నీలగిరి చెట్ల రసం, పూలతేనె, పురుగులు. ఇంట్లో వాటికి దగ్గరగా వచ్చే తిండి ఏమిటో, ఎంత కొలతలో పెట్టాలో ఎవరో ఒకరు ఆ పిల్లాడికి చెప్పి ఉండాల్సింది. ఆ గ్లైడర్‌కు తీసిన ఎక్స్‌రేలో వెన్నుపూస అప్పటికే విరిగి కనిపించింది. రెండు రోజులకు అది పోయింది. ఆ అబ్బాయి చాలా ఏడ్చాడు. అందులో వాడి తప్పేమీ లేదని ఇప్పటికీ చెబుతున్నాను.

బాగా చల్లబరిచిన ఏసీ గదిలో, అందులోనూ ఆకలితో ఉంటే, ఇది ఒళ్లు చల్లబడి కదలకుండా పడిపోవచ్చు. టార్పర్ అనే ఆ స్థితి చూసి చచ్చిపోయిందనుకునేవాళ్లున్నారు. ఒంటికి ఆనించుకుని మెల్లగా వెచ్చబరుస్తూ వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి.

చట్టం సంగతి చూద్దాం. మకావ్, ఇగువానా లాంటి వాటిని పెంచేవాళ్లు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలని 2024 ఫిబ్రవరిలో కేంద్రం నిబంధనలు తెచ్చింది. అవి వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం జాబితాల్లో ఉన్న జాతులకే. షుగర్ గ్లైడర్ ఆ జాబితాల్లో లేదు కాబట్టి ఆ లెక్కలోకి రాదు. పెంపుడు జంతువుల దుకాణాలు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు కావాలని 2018 నుంచే నిబంధన ఉంది. మనకు అందుబాటులో ఉన్న పట్టు అదే.

దాన్ని వాడి రెండు పనులు చెయ్యాలి. షుగర్ గ్లైడర్‌ను ఒంటరిగా అమ్మడం ఆపాలి. అమ్మే ప్రతి జతతో తెలుగులో ఒక కాగితం ఇవ్వాలి: ఇది 10 ఏళ్లకు పైగా బతకగలదని, ఏం తింటుందో, ఏది పెట్టకూడదో, వారానికోసారి ఎలా తూచాలో, మెడ వెనక చర్మం లాగి వదిలితే వెంటనే సర్దుకోకపోవడం ఒంట్లో నీరు తగ్గిన గుర్తని, వెనక కాలి పట్టు సడలితే ఆ రోజే వైద్యుడికి చూపించాలని. గరివిడి పశువైద్య కళాశాల ఆచార్యులు ఒక పూట కూర్చుంటే రాయగలిగిన కాగితం అది. జిల్లా పశుసంవర్ధక శాఖ దాన్ని అచ్చువేయించి దుకాణాలకు పంపాలి. తనిఖీకి వెళ్లినప్పుడు కొన్నవాళ్ల చేతికి అది అందుతోందో లేదో అడగాలి.