అసలు, నకలు, ముప్పై రోజులు

అబ్బా ఇంతెకాల్ అయిన నలభయ్యో రోజు. చాలీస్వాకు వచ్చిన చుట్టాలు భోంచేసి వెళ్ళాక ఆపా లాప్‌టాప్ తెరిచింది. అబ్బా చెబుతుంటే మూడేళ్ళుగా ఆమె ఇన్‌పేజ్‌లో టైపు చేస్తూ వచ్చిన ఉర్దూ ఫైలు కోసం. కర్నూలు పాతబస్తీలో ఆయన బచ్‌పన్, దాదా దుకాణం, ఉస్మానియా కాలేజీ రోజులు, దాదీ అడిగే పహేలియాఁ, అన్నీ అందులోనే. దాన్ని చిన్న కితాబుగా అచ్చు వేయించి ఖాందాన్ అంతటికీ పంచాలని మా నియ్యత్.

ఫైలు పేరు ఉంది. లోపల ఏమీ లేదు. సైజు సున్నా.

తర్వాత గుర్తు చేసుకుంటే అర్థమైంది. అబ్బాను ఆస్పత్రికి తీసుకెళ్ళిన రాత్రి ఆ ఫైలు తెరిచే ఉంది. కరెంటు పోయింది. లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. ఫైలు అక్కడే ఖరాబైంది. ఆ హడావిడిలో ఎవరు చూస్తారు?

"ఫికర్ పడకు ఆపా, ఆన్‌లైన్‌లో ఉంది కదా" అన్నాను నేను. ఉంది. అక్కడా సున్నాయే. ఆ సర్వీసు తన పని తాను చేసింది. ఖాళీ ఫైలును ఆన్‌లైన్‌లోకి, అక్కణ్ణుంచి నా కంప్యూటర్‌లోకి, కువైట్‌లో ఉన్న మా తమ్ముడి కంప్యూటర్‌లోకి జాగ్రత్తగా చేరవేసింది. పాత వెర్షన్లు ఉంటాయి కదా అని వెదికాం. మేం డబ్బు కట్టే ప్లాన్‌లో పాత వెర్షన్లు 30 రోజులే ఉంచుతారట. మేం పది రోజులు ఆలస్యం. చివరికి ఒక పాత పెన్‌డ్రైవ్‌లో మొదటి ఏడాది రాతలు దొరికాయి. మిగతా రెండేళ్ళ అబ్బా మాటలు గుమ్.

నేను ఆ కంపెనీని తిట్టడానికి ఇది రాయడం లేదు. షరతుల్లో 30 రోజులని రాసే ఉంది. చదవనిది మేం. రోజూ నలుగురు రాసింది చదివి తప్పులు పట్టే జర్నలిస్టును, నేను కొన్నదాని షరతులు చదవలేదు. ఆ శరం నాది. అయితే ఇందులో నేను నేర్చుకున్న సబక్ మన ఇళ్ళన్నిటికీ పనికొస్తుందని చెబుతున్నాను: బ్యాకప్ కొనేటప్పుడు ఎన్ని జీబీలు అని కాదు, ఎన్ని రోజులు వెనక్కి వెళ్ళగలం అని అడగండి.

మనం వాడే "నకలు" అనే మాట ఉర్దూ నుంచి వచ్చిందే. అసల్, నకల్. అసలు పోయినా నకలు నిలవాలి, అందుకే దాన్ని తీస్తాం. ఇప్పుడు మనం బ్యాకప్ అని పిలుస్తున్నదాంట్లో చాలా భాగం నకలు కాదు, ఆయినా. అద్దం ముందు నిలబడి చొక్కా చింపుకుంటే అద్దంలో చొక్కా కూడా చిరుగుతుంది. సింక్ అంటే అదే. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. నకలంటే నిన్నటి ఫైలు నిన్నటిలా, పోయిన నెలది పోయిన నెలలా విడివిడిగా నిలవడం. దాన్నే వెర్షన్ అంటారు.

ఇప్పుడు ధరల సంగతి. గూగుల్ ముఫ్త్‌గా ఇచ్చేది 15 జీబీ. మెయిలు, డ్రైవ్, ఫొటోలు అన్నీ అందులోనే సర్దుకోవాలి. 2021 జూన్ 1 దాకా కొంచెం కుదించిన ఫొటోలను లెక్కలోకి తీసుకోకుండా ఉంచేవారు, ఆ రోజు నుంచి అది బంద్. తర్వాత ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా ఆ 15 జీబీలోకే వచ్చింది. ఆపిల్ ఇచ్చేది 5 జీబీ. అవి నిండగానే నెలనెలా కిరాయా మొదలు. గూగుల్‌లో 100 జీబీకి నెలకు 130 రూపాయలు, ఏడాదికి ఒకేసారి కడితే 1,300. పెద్ద ఖర్చేమీ కాదు. పదేళ్ళు కడితే పదమూడు వేలు, అంతే కదా అనుకుంటాం.

కానీ ఆ 130 రూపాయలతో మనం కొన్నది జాగా మాత్రమే, గతం కాదు. గూగుల్ డ్రైవ్‌లో పీడీఎఫ్, ఇన్‌పేజ్ లాంటి ఫైళ్ళ పాత వెర్షన్లు 30 రోజులు లేదా 100 వెర్షన్ల దాకానే ఉంటాయి. ముఖ్యమైన వెర్షన్‌ను ఎప్పటికీ ఉంచమని మనమే గుర్తు పెట్టాలి. ఇంకా పెద్ద జాగా కొన్నా ఆ 30 పెరగదు. డ్రాప్‌బాక్స్ మామూలు ప్లాన్లలోనూ 30 రోజులే, ఎక్కువ ధర ప్లాన్‌లో 180. జీబీలను పెద్ద అక్షరాల్లో, రోజులను సహాయం పేజీల్లో ఎక్కడో రాయడమే ఈ తిజారత్‌లో నాకు నచ్చని సంగతి. మందు సీసా మీద గడువు తేదీ ఉన్నట్టు, ప్లాన్ ధర పక్కనే రోజుల సంఖ్య కూడా ఉండాలి. తెలుగులోనూ, ఉర్దూలోనూ.

రోజులు ఎక్కువ ఇచ్చేవాళ్ళు లేకపోలేదు. బ్యాక్‌బ్లేజ్ అనే అమెరికా కంపెనీ 2023లో ఒక కంప్యూటర్‌కు ఏడాది ధరను 99 డాలర్లకు పెంచింది. పెంచుతూనే, అంతకుముందు విడిగా డబ్బు తీసుకున్న ఏడాది పాటి పాత వెర్షన్లను అందులోనే కలిపేసింది. మన లెక్కలో ఎనిమిది వేలు దాటుతుంది. మధ్యతరగతి ఇంటికి భారమే. పైగా డబ్బు కట్టినంత మాత్రాన దుకాణం శాశ్వతంగా ఉంటుందన్న గ్యారంటీ కూడా లేదు. క్రాష్‌ప్లాన్ అనే కంపెనీ ఇళ్ళ కోసం నడిపిన సర్వీసును మూసేస్తున్నామని 2017లో చెప్పి, మరుసటి ఏడాది మూసేసింది. వేరేచోటికి మారే వక్త్ ఇచ్చింది, నిజమే. కానీ ఇన్నేళ్ళ డేటాను మళ్ళీ మొదటి నుంచి ఎక్కించడమంటే మాటలా?

ఎక్కించడం అంటే గుర్తొచ్చింది, రఫ్తార్ గురించి ఎవరూ చెప్పరు. మన ఇంటి ఇంటర్నెట్‌లో కిందికి దిగే వేగం వేరు, పైకి ఎక్కే వేగం వేరు. పైకి 10 ఎంబీపీఎస్ వస్తుందనుకుంటే 100 జీబీ ఎక్కడానికి దాదాపు 22 గంటలు. పెళ్ళి వీడియోలతో 500 జీబీ ఉంటే నాలుగున్నర రోజులు పైనే, అదీ కరెంటు పోకుండా ఉంటే. తర్వాత రోజువారీ పని తేలిక. మంచి సాఫ్ట్‌వేర్ మారిన ముక్కనే పంపుతుంది. కొన్ని మాత్రం ఒక్క అక్షరం మార్చినా మొత్తం ఫైలును మళ్ళీ పంపుతాయి, పాత లాప్‌టాప్ నత్తలా నడుస్తుంది, విసుగొచ్చి మనమే దాన్ని ఆపేస్తాం. ఆపేసిన బ్యాకప్ ఆరు నెలల దాకా గుర్తుకు రాదు.

అందుకే నా మష్వరా, ముందు ముఫ్త్‌గా చేతిలో ఉన్నది వాడండి. విండోస్‌లో ఫైల్ హిస్టరీ అని ఒకటి 2012లో వచ్చిన విండోస్ 8 నుంచీ ఉంది. మనం ఆన్ చేయాలి, అంతే. బయటి హార్డ్ డిస్క్ తగిలిస్తే డాక్యుమెంట్లు, ఫొటోల లాంటి ఫోల్డర్లలో మారిన ఫైళ్ళను గంటకోసారి నకలు తీసి పెడుతుంది. ఆపిల్ కంప్యూటర్లలో టైమ్ మెషీన్ 2007 నుంచి ఉంది. ఒక రోజు పాటు గంటగంటవి, నెల పాటు రోజురోజువి, ఆ వెనకవి వారానికొకటి, డిస్క్ నిండేదాకా ఉంచుతుంది. కిరాయా ఇల్లు కాదు, సొంత ఇల్లు. వలీమాకు ఒక దేగ్ బిర్యానీ తగ్గిస్తే డిస్క్ వచ్చేస్తుంది.

సొంత ఇంటికి ఉండే ఖతరాలు దీనికీ ఉన్నాయి. 2017 మేలో వానాక్రై అనే వైరస్ దునియా అంతా ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా దానికి చిక్కాయి. అలాంటిది వస్తే, ఎప్పుడూ తగిలించి ఉన్న డిస్క్‌లోని నకళ్ళకూ తాళం పడుతుంది. అందుకని రెండో డిస్క్ ఒకటి నకలు తీసి, విడదీసి, వేరే ఇంట్లో పెట్టాలి. మాది ఇప్పుడు అనంతపురంలో ఆపా ఇంట్లో ఉంది.

"కాగితమే నయం భాయ్, కరెంటుతో పని లేదు" అనే బుజుర్గులు ఉన్నారు. అబ్బా కూడా అదే అనేవారు. ఆయన చేతిరాత డైరీలు 2009 అక్టోబర్ వరదలో తడిసి ముద్దయ్యాయి. తుంగభద్ర నీళ్ళు దిగాక వాటిని మిద్దె మీద ఆరబెట్టాం. సిరా అంతా కారిపోయి నీలి మరకలే మిగిలాయి. ఆ పోయినదాన్ని తిరిగి చెప్పించుకుందామనే కదా ఆపా కంప్యూటర్ ముందు కూర్చుంది. కాగితమూ ఒక నకలే. అదొక్కటే అయితే చాలదు, కంప్యూటర్ ఒక్కటే అయినా చాలదు.

ఇంకో మాట, మనలాంటివాళ్ళకు ప్రత్యేకంగా. ఇన్‌పేజ్ ఫైలు తెరవాలంటే ఇన్‌పేజ్ కావాలి. తెలుగులో పాత అను ఫాంట్లతో కొట్టినవీ అంతే, ఆ ఫాంట్ లేకపోతే పిచ్చి గీతలు. ఉర్దూ బళ్ళో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి, రెండు జబాన్లలోనూ ఈ తాళాలు నాకు తగిలాయి. తెరవలేని వెర్షన్లు వంద ఉన్నా దండగ. ప్రతి ముఖ్యమైన రాతకూ ఒక యూనికోడ్ నకలు, ఒక పీడీఎఫ్ పక్కన పెట్టండి.

అన్నిటికంటే ముఖ్యం, తిరిగి తీసి చూడడం. బ్యాకప్ నడుస్తోందని పచ్చ టిక్కు చూపిస్తే అది భరోసా కాదు. మనం మూడేళ్ళు ఆ పచ్చ టిక్కునే చూశాం. రంజాన్‌కు ముందు ఇల్లంతా దులిపి సున్నం కొడతాం కదా, ఆ వారంలోనే ఒక పూట కేటాయించండి. నిఖానామా, ఇంటి దస్తావేజులు, పిల్లల సర్టిఫికెట్లు, పెద్దవాళ్ళ ఆవాజ్ రికార్డులు, ఒక్కోదాని పాత వెర్షన్ ఒకటి బయటికి తీసి, తెరిచి చూడండి. తెరుచుకుంటే సరే. తెరుచుకోకపోతే అసలు ఇంకా ఉండగానే తెలుస్తుంది.

మా ఆపా మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి అమ్మీ చెబుతోంది. అబ్బా చెప్పినవాటిలో అమ్మీకి గుర్తున్నవి కొన్ని, తన పుట్టింటివి కొన్ని. మొన్న ఫోన్ చేసి అడిగాను, "డిస్క్ తగిలించావా ఆపా?" అని.

"తగిలించా. పోయిన జుమ్మా రోజుది తెరిచి కూడా చూశా. ఉంది" అంది.