రీలు పోయింది సరే, ఫైలైనా ఉంటుందా?

పాత సినిమా ఏదైనా మళ్లీ థియేటర్లలోకి వస్తే చాలు, గోపన్‌పల్లి తండా చౌరస్తాలో టీ గ్లాసుల చుట్టూ ఒక పంచాయితీ మొదలవుతుంది. ‘‘ఫిల్ము మీద తీసిన రోజుల్లో ఆ రంగులే వేరు మామా’’ అని ఒకరు. ‘‘చెప్పకుండా రెండూ పక్కపక్కన వేస్తే ఏది ఫిల్మో నువ్వు పోల్చుకోలేవు’’ అని ఇంకొకరు. టీ చల్లారుతుంది, వాదన మాత్రం చల్లారదు.

అందం గురించి వాదిస్తే ఇది ఎప్పటికీ తేలదు. అది ఎవరి కంటికి వాళ్లదే. నా మటుకు నాకు అసలు ప్రశ్న వేరే ఉంది. ఇవాళ తీసిన సినిమాని 2070లో ఎవరైనా చూడాలనుకుంటే దొరుకుతుందా?

ముందు డిజిటల్‌కి దక్కాల్సిన మార్కులు ఇచ్చేద్దాం. 35 ఎంఎం ఫిల్ము కెమెరాలో నిమిషానికి 90 అడుగులు తిరుగుతుంది. వెయ్యి అడుగుల చుట్ట పదకొండు నిమిషాల్లో ఖాళీ. రెండున్నర గంటల సినిమాకి 13,500 అడుగులు, అంటే దాదాపు 14 రీళ్లు. ఆ లెక్కని గుర్తుచేసే పేరుతో మనకి ఒక నిర్మాణ సంస్థ కూడా ఉంది. అయితే అది తెరమీదికొచ్చే నిడివి మాత్రమే. టేకులన్నీ కలిపితే తిరిగే ఫిల్ము దానికి ఎన్నో రెట్లు. నటుడు డైలాగు మర్చిపోయినా మీటరు తిరుగుతూనే ఉండేది. ల్యాబ్ నుంచి వచ్చేదాకా షాటు ఎలా వచ్చిందో తెలిసేది కాదు. చేతిలో డబ్బు లేని కొత్తవాళ్లకి అది దాటలేని గోడ.

ఆ గోడని డిజిటల్ కూల్చింది. 2011లో రామ్‌గోపాల్ వర్మ కేనన్ 5డి స్టిల్ కెమెరాలతో ఐదు రోజుల్లో ‘దొంగల ముఠా’ తీసేశారు. 2018లో విశాఖ కంచరపాలెం వాసులనే నటులుగా పెట్టుకుని ‘కేరాఫ్ కంచరపాలెం’ వచ్చింది. అనుభవం లేని నటులతో ఎన్ని టేకులైనా ఓపిగ్గా తీయడం ఫిల్ము రోజుల్లో ఎంత కష్టమో ఊహించుకోండి. పెద్ద సినిమాలూ ఇటే వచ్చాయి. ‘బాహుబలి’ని తీసింది అలెక్సా ఎక్స్‌టీ అనే డిజిటల్ కెమెరాతోనే. ఫుజీఫిల్మ్ కంపెనీ సినిమాలు తీసే ఫిల్ము తయారీని 2013లోనే ఆపేసింది. కాబట్టి వెనక్కి వెళ్దాం అనేవాళ్లతో నేను లేను.

ఇక రెండో వైపు. ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ విడుదలైంది 1990 మే 9న. మళ్లీ అదే తేదీన, 2025లో, 3డి హంగులతో థియేటర్లలోకి వచ్చింది. ఈ మధ్యలో పెద్ద కథే నడిచింది. వెతగ్గా వెతగ్గా విజయవాడలో ఒక పాత ప్రింటు దొరికితే, దాన్ని స్కాన్ చేసి, మరమ్మతు చేసి ఈ కొత్త రూపానికి తెచ్చారు. ఏళ్ల తరబడి పట్టించుకోకుండా వదిలేసిన ప్రింటులో కూడా బొమ్మ మిగిలే ఉంది. అది తెరవడానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. వెలుతురుకి అడ్డంగా పట్టుకుంటే చిరంజీవి కనిపిస్తాడు.

ఇంకో తమాషా చూడండి. 2006లో వచ్చిన ‘పోకిరి’ని ఫిల్ము మీద తీశారు. అందుకే 2022లో 4కె చేసి వేస్తే అభిమానులు ఊగిపోయారు. దానికంటే ఐదేళ్లు చిన్నదైన ‘దొంగల ముఠా’కి ఆ యోగం అంత తేలిగ్గా పట్టదు. ఆనాటి 5డి కెమెరా వీడియోలో ఒక్కో ఫ్రేముకి ఇరవై లక్షల చుక్కలే ఉంటాయి. 4కె అంటే ఎనభై లక్షల పైమాటే. లేని చుక్కల్ని సాఫ్ట్‌వేర్ ఊహించి పూరించాలి తప్ప, కెమెరా చూడనిది ఎక్కడినుంచి తెస్తాం?

అలాగని ఫిల్ము అమరం కాదు. మన మొదటి టాకీ, 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’, ప్రింటు కూడా మిగల్లేదు. సరిగ్గా దాచకపోతే ఫిల్ము కుళ్లి వెనిగర్ వాసన కొడుతుంది. 2003లో పుణెలో నైట్రేట్ ఫిల్ములు దాచిన చోట మంటలు లేచి ఎన్నో పాత సినిమాలు బూడిదైపోయాయి. కాకపోతే ఫిల్ము పాడవుతున్నప్పుడు మచ్చలతోనో వాసనతోనో మనకి కబురు పెడుతుంది. హార్డ్ డిస్క్ అలా కాదు. నిన్న పనిచేసింది, ఇవాళ పనిచేయదు, అంతే.

సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాళ్లకి ఈ భయం బాగా తెలుసు. ‘బ్యాకప్ ఉంది’ అని ఎవరైనా అంటే మేం అడిగే మొదటి మాట, ‘రీస్టోర్ చేసి చూశారా?’ అని. పెద్ద ఫైళ్లు దాచడానికి వాడే ఎల్‌టీఓ టేపుల సంగతే తీసుకోండి. 2010లో ఐదో తరం టేపు వచ్చింది. 2017లో వచ్చిన ఎనిమిదో తరం డ్రైవు ఏడు, ఎనిమిది తరాల టేపుల్ని మాత్రమే చదువుతుంది. అంటే 2010లో భద్రంగా దాచిన టేపు చెక్కుచెదరకుండా ఉన్నా, ఏడేళ్లకే అది కొత్త డ్రైవులో పెట్టడానికి పనికిరాదు. పాత డ్రైవు వెతుక్కోవాలి, లేదా కొన్నేళ్లకోసారి డేటా మొత్తాన్ని కొత్త టేపులోకి ఎక్కిస్తూ పోవాలి. ఇది ఖర్చు. ఆస్కార్ అకాడమీ 2007లోనే లెక్క కట్టింది. ఒక సినిమా మాస్టర్‌ని ఫిల్ముగా దాచడానికి ఏడాదికి 1,059 డాలర్లు, 4కె డిజిటల్‌గా అయితే 12,514 డాలర్లు. అప్పటికంటే స్టోరేజీ చవకైంది, నిజమే. కానీ ఎవరో ఒకరు పూనుకుని ఆ పని చేయాలన్న షరతు మాత్రం మారలేదు.

అసలు మావాళ్లే ఏం చేశారో తెలుసా? ప్రపంచంలోని ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్, 2020లో 21 టెరాబైట్ల కోడ్‌ని ఆర్కిటిక్ దగ్గరి స్వాల్‌బార్డ్‌లో మూసేసిన ఒక గనిలో దాచింది. దేని మీదనుకుంటున్నారు? 186 రీళ్ల ఫిల్ము మీద! వెయ్యేళ్లు నిలవాలంటే డిజిటల్ వాళ్లకి కూడా చివరికి ఫిల్మే దిక్కైంది.

‘ఓటీటీలో ఉందిగా’ అంటారేమో. అక్కడ మనం చూసేది నెట్‌కి తగ్గట్టు కుదించిన కాపీ. హక్కుల గడువు తీరితే అదీ మాయం.

అందుకే టీకొట్టు వాదనని కాస్త పక్కకి జరుపుదాం. ఏ కెమెరాతో తీసినా, సినిమా పూర్తయ్యాక మాస్టర్ కాపీలు మూడు ఉండాలి. రెండు రకాల మాధ్యమాల్లో ఉండాలి. ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. ఏటా ఒకసారి తెరిచి చూడాలి. మా రంగంలో ఇది చిన్నపిల్లల పాఠం. పోస్టర్లకీ ప్రీ-రిలీజ్ వేడుకకీ ఉన్నట్టే దీనికీ బడ్జెట్‌లో ఒక పద్దు రాసుకోవాలి. పుణెలోని జాతీయ ఫిల్ము ఆర్కైవ్‌కి ఒక కాపీ అందేలా నిర్మాతల సంఘాలు ఒక పద్ధతి పెడితే ఇంకా మంచిది.

చిరంజీవి సినిమా పోతే వెతికేవాళ్లుంటారు. ముప్పై అయిదేళ్ల తర్వాతైనా బాగుచేయించే డబ్బూ, చూసే జనం ఉంటారు. డిజిటల్ పుణ్యాన పుట్టిన చిన్న సినిమాకి ఆ బలగం ఉండదు. దర్శకుడు ఇల్లు మారినప్పుడు డిస్క్ ఎక్కడో పడిపోతే, ఆ సినిమాని విజయవాడలో వెతికినా, ఎక్కడ వెతికినా ప్రింటు దొరకదు. ఎందుకంటే దానికి ప్రింటే వేయలేదు.